మదీనా ముందా, మక్కా ముందా?

అస్సలాము అలైకుమ్ భాయ్. మోకాళ్ళ నొప్పులున్న అమ్మీతో ఉమ్రాకి (మక్కా యాత్రకి) వస్తే మొదట ఎక్కడికెళ్ళాలని అడిగారు కదా, నేనైతే మదీనాయే అంటాను. నేరుగా మక్కా అంటే విమానం మీఖాత్ (ఇహ్రామ్ లేకుండా దాటకూడని హద్దు) దాటేలోపే ఇహ్రామ్‌లో (ఉమ్రా దీక్షలో) ఉండాలి, దిగీదిగగానే నిద్రకళ్ళతో తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణలు). ఆపైన సయీ: సఫా, మర్వా గుట్టల మధ్య 7 సార్లు నడవడమంటే 3 కిలోమీటర్ల పైమాటే. వీల్‌చైర్‌కి మొహమాటపడకండి.

మదీనాలో రౌజా (ప్రవక్త మసీదులోని పవిత్ర స్థలం) పర్మిట్ నుసుక్ యాప్‌లో ముందే చూసుకోండి, ఆడవాళ్ళ వేళలు వేరు. అక్కణ్ణుంచి మక్కాకి హరమైన్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఒకటే చిక్కు, అది మదీనా వైపు మీఖాత్ అయిన జుల్ హులైఫా దగ్గర ఆగదు. అందుకని హోటల్లోనే గుస్ల్ (స్నానం) చేసి, మీరు ఇహ్రామ్ బట్టలు కట్టుకుని ఎక్కండి. బండి కదలగానే నియ్యత్ (ఉమ్రా సంకల్పం) చేసేయండి. అమ్మీకి మామూలు బట్టలే చాలు.