హెడర్‌లో స్టాటిక్ పెడితే ఎర్రర్ పోయింది, కానీ కౌంట్ సున్నా దగ్గరే ఆగిపోయింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. సి భాషలో రాస్తున్నారు. కామన్.హెచ్ అనే హెడర్‌లో (వేర్వేరు సి ఫైళ్లు పంచుకునే ఫైలు) ‘ఇంట్ కౌంట్ = 0;’ అని పెట్టారు. మెయిన్.సి, సెన్సర్.సి రెండూ ఆ హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేసుకోగానే లింకర్ (కంపైలైన ఫైళ్లను కలిపి ఒకే ప్రోగ్రాం చేసేది) ‘మల్టిపుల్ డెఫినిషన్’ అని, అంటే ఒకే పేరును రెండుచోట్ల సృష్టించారని, మొరాయించింది. ఎవరో చెబితే ముందు ‘స్టాటిక్’ చేర్చారు, ఎర్రర్ పోయింది. ఇప్పుడు సెన్సర్.సి కౌంట్‌ను పెంచుతూనే ఉంది, మెయిన్.సి మాత్రం సున్నానే చూపిస్తోంది.

సరిగ్గా ఈ పనే చేసి నేను మూడు రోజులు పోగొట్టుకున్నాను. అప్పట్లో ఒక చిన్న సంస్థలో నీటి మీటర్లకు ప్రోగ్రాం రాసేవాణ్ణి. చక్రం తిరుగుతోంది, పల్సులు వస్తున్నాయి, తెర మీద అంకె కదలదు. మొదట సెన్సర్‌ను అనుమానించాను, తర్వాత తీగలను, ఆ తర్వాత కంపైలర్‌ను. నన్ను నేను అనుమానించుకోవడానికి మూడో రోజు సాయంత్రం అయింది. పక్క బల్ల దగ్గర కూర్చునే సీనియర్ వచ్చి, ‘విలువ ఎందుకు ప్రింట్ చేస్తావు, అడ్రసు ప్రింట్ చెయ్యి’ అన్నారు. రెండు ఫైళ్లలోనూ కౌంట్ అడ్రసును ప్రింట్ చేయించాను. రెండు వేర్వేరు అడ్రసులు వచ్చాయి. అంటే పేరు ఒకటే, వేరియబుళ్లు రెండు. మీరూ ముందు ఆ పని చేయండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, ఇన్‌క్లూడ్ అనేది హెడర్‌లో ఉన్న అక్షరాలను తెచ్చి ఆ చోట దించేస్తుంది, అంతే. ఆ తర్వాత కంపైలర్ ఒక్కో సి ఫైలును విడివిడిగా చూస్తుంది. మెయిన్.సిని చూసేటప్పుడు సెన్సర్.సి అనేది ఒకటి ఉందని కూడా దానికి తెలియదు. స్టాటిక్ లేనప్పుడు రెండు ఫైళ్లూ ‘కౌంట్ నాదే’ అన్నాయి, లింకర్ తగువు పెట్టుకుంది. స్టాటిక్ పెట్టాక ‘ఈ పేరు ఈ ఫైలు గడప దాటదు’ అని చెప్పినట్టయింది. ఎవరి కౌంట్ వారిది, తగువు తీరింది, మీ లెక్క మాత్రం రెండు ముక్కలైంది. నన్నడిగితే ఆ ఎర్రరే నయం, కనీసం తప్పు ఎక్కడుందో చెబుతుంది. (ఫంక్షన్ లోపల రాసే స్టాటిక్ సంగతి వేరు. అక్కడ అది ఫంక్షన్ ముగిసినా విలువ చెరిగిపోకుండా ఉంచుతుంది. ఒకే మాటకు రెండు పనులు అప్పగించిన పెద్దలకు ఒక నమస్కారం.)

హెడర్ చుట్టూ రాసే ఇఫ్‌ఎన్‌డెఫ్ గార్డ్ పెట్టినా లాభం లేదు. ఒకే సి ఫైలులోకి హెడర్ రెండుసార్లు రాకుండా మాత్రమే అది కాపాడుతుంది, రెండు వేర్వేరు సి ఫైళ్లలోకి చెరోసారి రావడాన్ని ఆపదు.

ఇక మందు. కామన్.హెచ్‌లో ‘ఎక్స్‌టర్న్ ఇంట్ కౌంట్;’ అని మాత్రమే ఉంచండి, ‘కౌంట్ అనేది ఎక్కడో ఉంది’ అని చెప్పే డిక్లరేషన్ అది. అక్కడ విలువ ఇవ్వకండి, ఇస్తే ఎక్స్‌టర్న్ ఉన్నా అది డెఫినిషనే అయిపోతుంది. సెన్సర్.సిలో ఒక్కచోట ‘ఇంట్ కౌంట్ = 0;’ రాయండి, వేరియబుల్‌ను నిజంగా సృష్టించే డెఫినిషన్ ఇది. శుభలేఖలు ఎన్ని పంచినా పెళ్లి జరిగేది ఒకే చోట కదా, డిక్లరేషన్‌కూ డెఫినిషన్‌కూ ఉన్న తేడా అంతే.

ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. హెడర్ ఎందుకులే అని, కావలసిన సి ఫైలులో ఎక్స్‌టర్న్ వరుసను చేత్తో రాసేసుకుంటారు. మా మీటర్ ప్రోగ్రాంలోనే ఒక ఫైలులో అసలు వేరియబుల్ ఇంట్, మరో ఫైలులో చేత్తో రాసిన ఎక్స్‌టర్న్ అన్‌సైన్డ్ చార్, అంటే ఒక్క బైటే. లింకర్ పేరు చూసి కలిపేసింది, రకం దాకా వెళ్లలేదు. 255 వరకు అంతా బాగానే ఉండేది. 300 రాగానే తెర మీద 44 కనిపించేది, ఎందుకంటే మొదటి బైటు ఒక్కటే చదువుతోంది. అందుకే డెఫినిషన్ ఉన్న సెన్సర్.సి కూడా ఆ హెడర్‌ను ఇన్‌క్లూడ్ చేసుకోవాలి. అప్పుడు రకాలు కలవకపోతే కంపైలరే పట్టుకుంటుంది.

‘పాత ప్రాజెక్టులో హెడర్‌లో ఉత్తి ఇంట్ కౌంట్; అని ఉన్నా పనిచేసేది’ అని కూడా రాశారు. నిజమే. విలువ ఇవ్వని గ్లోబల్స్ (ఫంక్షన్ల బయట రాసిన వేరియబుళ్లు) ఒకే పేరుతో ఎన్ని ఉన్నా జిసిసి అనే కంపైలర్ ఒకప్పుడు వాటిని ఒకటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జిసిసి 10 నుంచి ఆ ఉదారత డిఫాల్ట్‌గా లేదు. ఎఫ్‌కామన్ అనే ఆప్షన్ ఇస్తే పాత పద్ధతి తిరిగి వస్తుంది. గడువు నెత్తి మీద ఉంటే వాడుకోండి, తర్వాత తీసేయండి.

అనుమానం తీరకపోతే ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి, ఆబ్జెక్ట్ ఫైళ్ల (ఒక్కో సి ఫైలు కంపైలయ్యాక వచ్చేవి) మీద వాటిలోని పేర్లను చూపించే ఎన్‌ఎమ్ అనే కమాండ్ నడపండి. పేరు పక్కన ఇంగ్లిష్ పెద్ద బి గానీ డి గానీ ఉంటే బయటికి కనిపించే డెఫినిషన్, చిన్న బి లేదా డి అయితే స్టాటిక్, యు అయితే ఇంకెక్కడినుంచో రావాలి. మీ ఇప్పటి కోడ్‌లో రెండు చోట్లా చిన్న బి కనిపిస్తుంది. సరిచేశాక ఒకచోట పెద్ద బి, మరోచోట యు ఉండాలి.

ఇంతకీ మెయిన్.సికి కౌంట్‌ను చదవడం తప్ప వేరే పని లేకపోతే నేనైతే అసలు బయట పెట్టను. సెన్సర్.సిలోనే స్టాటిక్‌గా దాచి, విలువ తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసి, హెడర్‌లో ఆ ఫంక్షన్ పేరు మాత్రమే పెడతాను. రేపు లెక్క తప్పితే వెతకాల్సింది ఒక్క ఫైలులోనే. అలాగని ఉన్న గ్లోబల్స్ అన్నీ ఈ రాత్రికే పీకేయనక్కర్లేదు, ఆ మీటర్ కోడ్‌లో నేను వదిలేసినవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కౌంట్‌ను పెంచేది ఇంటరప్ట్ (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి దూరే కోడ్) అయితే మరో మాట. అప్పుడు దానికి వొలటైల్ కూడా కావాలి, అంటే ‘ఈ విలువ ఎప్పుడైనా మారవచ్చు, ప్రతిసారీ మెమరీ నుంచే చదువు’ అని కంపైలర్‌కు చెప్పాలి, ఎక్స్‌టర్న్, స్టాటిక్ ఆ పని చేయవు. మీది ఆర్డుయినో యునో ఆర్3 లాంటి బోర్డులో ఉండే 8 బిట్ల చిప్ అయితే వొలటైల్ కూడా చాలదు. అక్కడ ఇంట్ రెండు బైట్లు, చదవడం రెండు విడతల్లో జరుగుతుంది, మధ్యలో ఇంటరప్ట్ వస్తే సగం పాత, సగం కొత్త అంకె చేతికొస్తుంది. విలువ తిరిగిచ్చే ఆ ఫంక్షన్‌లో ఇంటరప్ట్‌లు ఆపి, కౌంట్‌ను కాపీ చేసుకుని, మళ్లీ తెరిచి, ఆ కాపీని తిరిగివ్వండి.