చూసేదెవరో ముందు తేల్చుకో

అమ్మడూ,

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ చదివాను. ఒళ్లు, గుర్తింపు, జనం చూపులు అన్నీ ఎనిమిది నిమిషాల్లో పెట్టాలన్న నీ ధైర్యం నాకు నచ్చింది. అయితే అందులో అమ్మాయి ప్రతి పేజీలోనూ ఉంది గానీ ఆమెను చూసేవాళ్లు ఎక్కడా లేరు. ఎవరు చూస్తున్నారు? ఎదురింటి బాల్కనీలో నిలబడే అంకులా, గేటు మీది సీసీ కెమెరానా, వాళ్లమ్మా, లేక అద్దం ముందు తనను తనేనా? అది తేలకపోతే కెమెరా ఎక్కడ పెట్టాలో నీకు తెలియదు. అమ్మ చూపు జడ వేసేంత దగ్గరగా వస్తుంది, గేటు కెమెరా పైనుంచి కదలకుండా రాత్రీపగలూ చూస్తూనే ఉంటుంది. రెండింటినీ ఒకే లెన్సుతో, ఒకే దూరం నుంచి తీస్తే తేడా ఎలా తెలుస్తుంది?

ఐరిష్ నాటక రచయిత శామ్యూల్ బెకెట్ రాసిన 'ఫిల్మ్' (1965) అనే చిన్న సినిమా దొరికితే చూడు. అందులో కెమెరా బస్టర్ కీటన్ అనే పాత మూకీ సినిమాల హాస్యనటుడి వెంటపడుతుంది, వెనక నుంచి 45 డిగ్రీల కోణం దాటనంతసేపు అతనికి తనను చూస్తున్నారని తెలియదు, దాటిందంటే ముఖం దాచుకుంటాడు. దాదాపు సినిమా అంతా ఆ ఒక్క నియమం మీదే నిలబడింది. నీక్కూడా అలాంటి నియమం ఒకటి కావాలి, షూటింగ్‌కి ముందే కావాలి.

నాకు తోచింది చెప్తా. పెళ్లిచూపుల సీనులో ఆమెను "కొంచెం రంగు తక్కువ" అంటారు కదా. మీ కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గేటు కెమెరాలాంటివి చీకటి పడగానే ఇన్‌ఫ్రారెడ్‌కి, అంటే మన కంటికి కనపడని వెలుగుకి మారతాయి, అప్పుడు రంగులు పోతాయి, చర్మం ఛాయల్లో తేడా చాలావరకు చెరిగిపోతుంది, కంటిపాపలు మెరుస్తాయి, నల్ల పాలిస్టర్ చున్నీ కూడా ఒక్కోసారి తెల్లగా కనిపిస్తుంది. పగలు ఆ ఇంటి హాల్లో ఆమెను తూచిన రంగు రాత్రి గేటు దగ్గర లేనే లేదు! ఈ రెండు షాట్లు పక్కపక్కన పెట్టు చాలు, నువ్వు రాసిన ఆ పెద్ద వాయిస్ ఓవర్ మొత్తం తీసేయొచ్చు. గేటు షాట్లకు శబ్దం పెట్టకు. ఊపిరి, గాజుల చప్పుడు, గొంతు సవరించుకోవడం లాంటివన్నీ ఆమె తనను తాను చూసుకునే చోటే వినిపించాలి.

ఫోన్‌తో తీస్తున్నావు కాబట్టి బ్యూటీ మోడ్ ఆపెయ్, ఎక్స్‌పోజర్ (వెలుగు ఎంత పడాలన్నది) లాక్ చెయ్. లేకపోతే ఫోనే ఆమె ముఖాన్ని తెల్లగా చేసేస్తుంది, నీ సినిమా మొత్తం పోతుంది. ట్యూబ్‌లైట్ కింద అయితే షట్టర్ స్పీడు సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టు, ఫ్లికర్ (వెలుగు మినుకు మినుకుమనడం) రాదు.

గేటు కెమెరాలోని నిజం ఫుటేజీ కోసం సొసైటీ సెక్రటరీని అడుగుతానన్నావు, అది మాత్రం వద్దు. జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు పెట్టాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం వచ్చింది, ఈ ఊళ్లో ఎటు వెళ్లినా మనం ఎవరో ఒకరి రికార్డింగులో ఉంటాం. మీ గేటు ఫుటేజీలో ఉన్న వాచ్‌మన్ భార్యనీ, పాలబ్బాయినీ ఎవరూ అడగలేదు, మళ్లీ నువ్వు కూడా అడగకుండా తెరమీద పెడతావా? చౌకలో ఒక వైఫై కెమెరా కొని గోడకు నువ్వే బిగించు.

నటిస్తున్నది నీ స్నేహితురాలే అయినా బట్టలు మార్చుకునే సీను గురించి కాగితం మీద రాసుకోండి. తీయడానికి ఒప్పుకోవడం వేరు, బయట చూపించడానికి ఒప్పుకోవడం వేరు. అలాంటి దృశ్యాన్ని ఆమె తీయించుకున్నా, బయటపెట్టడానికి ఒప్పుకోకుండానే బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద అది నేరం. చట్టం సంగతి అలా ఉంచు, ఎడిట్ అయ్యాక మొదట ఆమె ఒక్కదానికే చూపించు, పక్కన నువ్వు కూడా కూర్చోకు. తీసేయమన్న షాట్ ఎంత బాగా వచ్చినా తీసెయ్. ఆ తర్వాతే లామకాన్‌లో (బంజారాహిల్స్‌లోని ఆ సాంస్కృతిక వేదికలో) స్క్రీనింగ్ మాట.

ముందు గేటు షాటు ఒక్కటి టెస్ట్ తీసి, ఆదివారం పట్టుకురా.

పిన్ని