భుజం నొప్పికి చిన్న గిటార్: నెక్ 12వ ఫ్రెట్ దగ్గర కలవాలా, 14వ ఫ్రెట్ దగ్గరా?

మీరు అడిగింది ఇది: ఎత్తు ఐదడుగులు. ఇంట్లో పెద్ద డ్రెడ్‌నాట్ గిటార్ ఉంది, అరగంట వాయిస్తే భుజం పట్టేస్తోంది. ఆదివారం చర్చిలో, అప్పుడప్పుడు హాస్టల్లో వాయిస్తారు. హన్మకొండ షాపులో రెండు చిన్న గిటార్లు చూసొచ్చారు. ఒకదాని నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు మెడ) 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర బాడీతో కలుస్తుంది, రెండోదానిది 14వ ఫ్రెట్ దగ్గర. ఏది కొనాలి?

ముందు నా ఎదురు ప్రశ్న. మీకు నొప్పి ఏ భుజంలో? కుడి భుజమా, ఎడమ భుజమా? మీరు రాయలేదు. జవాబు సగం అందులోనే ఉంది.

కుడి భుజం నొప్పి అంటే గిటార్ బొజ్జ పెద్దదని అర్థం. డ్రెడ్‌నాట్ కింది భాగం వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, మందం కూడా ఎక్కువే. పొట్టివాళ్లం దాని మీదుగా చెయ్యి వేయాలంటే భుజం చెవి దాకా లేస్తుంది. అరగంట అలా ఎత్తి పట్టుకుంటే ఎవరికైనా పట్టేస్తుంది. దీనికి మందు చిన్న బాడీ. నెక్ ఎక్కడ కలిసినా తేడా రాదు. ఎడమ భుజమో, ఎడమ మణికట్టో లాగేస్తోందంటే మాత్రం మొదటి ఫ్రెట్ మీకు దూరంగా ఉందని. అక్కడ జాయింట్, అంటే నెక్ బాడీతో కలిసే చోటు సంగతి వస్తుంది.

నాకు రెండూ ఉండేవి. నాది కాజీపేట, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. ఇంటర్‌లో ఉండగా నాన్న బోనస్ డబ్బులతో గిటార్ కొనిపెట్టాడు. షాపులో అన్నిటికంటే పెద్దది తెచ్చాడు, పెద్దదైతే మంచిదని. నేను నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆ ఏడు క్వైర్ ఫోటోలో గిటార్ పైన నా తల, పక్కన నాలుగు వేళ్లు తప్ప ఇంకేమీ కనపడదు. మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కాల్సిన ఎఫ్ కార్డ్ పట్టాలంటే ఎడమ మోచేయి పూర్తిగా చాచాల్సి వచ్చేది. చేతకాక అనుకున్నాను చాలా ఏళ్లు. చేతులు పొట్టివని ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క. భయపడకండి, చిన్నదే. తీగ పొడవు, అంటే నట్ (నెక్ కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బాడీ మీద తీగలు ఆనే పట్టీ) దాకా ఉండే దూరాన్ని స్కేల్ అంటారు. 12వ ఫ్రెట్ ఎప్పుడూ సరిగ్గా సగంలో ఉంటుంది. 14వ ఫ్రెట్ దాదాపు 55 శాతం దూరంలో వస్తుంది. మామూలు డ్రెడ్‌నాట్ స్కేల్ 650 మిల్లీమీటర్లు అనుకుంటే, 14వ ఫ్రెట్ దగ్గర కలిసే దాంట్లో నట్ బాడీకి 36 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. ఇక చిన్న గిటార్లు చూడండి. యమహా ఎఫ్‌ఎస్ 800 లాంటి చిన్న బాడీ గిటార్ స్కేల్ 634, జాయింట్ 14 దగ్గరే. నట్ దూరం 35 సెంటీమీటర్లు. అంటే ఎడమ చేతికి మిగిలింది ఒక్క సెంటీమీటర్! బాడీ చిన్నదైంది కాబట్టి కుడి భుజం హాయిగా ఉంటుంది, ఎడమ చెయ్యి మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే. అదే 600 స్కేల్ ఉన్న పార్లర్ (ఇంకా చిన్న బాడీ రకం) గిటార్, 12 దగ్గర కలిసేదైతే, నట్ 30 సెంటీమీటర్లకే వచ్చేస్తుంది. ఆరు సెంటీమీటర్ల లాభం. నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టినంత దగ్గర.

కాబట్టి షాపువాళ్లు "చిన్నది మేడం, ఈజీగా ఉంటది" అంటే ఏ చేతికి ఈజీ అని అడగండి. స్కేల్ ఎంతో కూడా అడగండి. తెలియదంటే టేపు పెట్టి మీరే కొలవండి, నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా కొలిచి రెట్టింపు చేస్తే సరిపోతుంది.

కొనకముందే ఇంట్లో పైసా ఖర్చు లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. మీ డ్రెడ్‌నాట్ తీగలన్నీ ఒక టోన్ కిందికి దించండి. కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, రెండో ఫ్రెట్ మీద బిగించండి. శ్రుతి మళ్లీ మామూలుకే వస్తుంది, కానీ మీ మొదటి ఫ్రెట్ ఇప్పుడు ఏడు సెంటీమీటర్లు దగ్గరికి జరిగింది. అంటే 12 ఫ్రెట్ల పార్లర్ ఎంత దగ్గరగా ఉంటుందో సుమారుగా అంత. ఒక వారం అలా వాయించండి. ఎడమ చెయ్యి లాగడం తగ్గితే జాయింట్ గురించి ఆలోచించండి. తగ్గకపోతే మీ సమస్య బాడీ సైజుదే, 14 ఫ్రెట్ల చిన్న గిటార్ నిశ్చింతగా కొనుక్కోండి.

ఈ కాపో దగ్గరే ఇంకో మాట. చర్చిలో వాయిస్తానన్నారు. మా క్వైర్‌లో ఆడవాళ్ల గొంతుకు తగ్గట్టు పాట ఎత్తితే నా కాపో నాలుగులోనో, ఐదులోనో ఉంటుంది. మీకూ అంతే అయితే ఎడమ చెయ్యి అప్పటికే పదమూడు, పదహారు సెంటీమీటర్లు దగ్గరికొచ్చేసింది. ఆ పాటల్లో 12వ ఫ్రెట్ జాయింట్ ప్రత్యేకంగా ఇచ్చేదేమీ లేదు. పైగా కాపో ఐదులో ఉంటే 12 ఫ్రెట్ల నెక్ మీద బాడీ దాకా మిగిలేది ఏడు ఫ్రెట్లే. జీ, సీ, డీ కార్డులకు ఆ ఏడు చాలు. మధ్యలో పై తీగ మీద చిన్న మ్యూజిక్ బిట్ వాయిద్దామంటే వేళ్లు బాడీకి తగిలి ఆగిపోతాయి. నాకు ఆ బిట్లు రావు కనుక బాధ లేదు, వచ్చినవాళ్లకు ఉంటుంది.

అసలు 14 ఫ్రెట్ల నెక్ పుట్టిందే ఈ బాధలోంచి. పాత గిటార్లు దాదాపు అన్నీ 12 దగ్గరే కలిసేవి, క్లాసికల్ గిటార్ ఇప్పటికీ అంతే. 1929లో పెర్రీ బెక్టెల్ అనే అట్లాంటా బాంజో వాద్యకారుడు పై ఫ్రెట్లు అందేలా పొడుగు నెక్ కావాలని మార్టిన్ కంపెనీని అడిగాడు. వాళ్లు 12 ఫ్రెట్ల బాడీ భుజాలను కిందికి నొక్కి, పొట్టి చేసి, రెండు ఫ్రెట్లు బయటికి తెచ్చారు. ఆ మోడల్ పేరే ఓఎం. ఐదారేళ్లలో వాళ్ల గిటార్లు చాలావరకు ఆ దారే పట్టాయి. బాంజో ఆయన చేతులకు కుదిరిన కొలత ఇన్నేళ్ల తర్వాత మన భుజాలకు వచ్చిందన్నమాట.

శబ్దం సంగతికొస్తే, అదే బాడీ, అదే స్కేల్ ఉన్నప్పుడు 12 దగ్గర కలిసేదాంట్లో బ్రిడ్జ్ (బాడీ మీద శాడిల్ కూర్చునే చెక్క) మూడున్నర సెంటీమీటర్లు కిందికి, పలక వెడల్పుగా ఉండే చోటికి జరుగుతుంది. నా చెవికి ఆ గిటార్లు మెత్తగా, గుండ్రంగా పలుకుతాయి, వేళ్లతో మీటితే మరీనూ. గట్టిగా స్ట్రమ్మింగ్ చేస్తే 14 ఫ్రెట్లవి కొంచెం పదునుగా వినిపిస్తాయి. "చిన్న గిటార్ బేస్ రాదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే. కానీ కీబోర్డు, తబలా, మైకు ఉన్నచోట డ్రెడ్‌నాట్ బేస్ అంతా కలిసి గుయ్ మంటుంది. మా సౌండ్ చూసే తమ్ముడు నా చిన్న గిటార్ వచ్చాకే హాయిగా ఉన్నానంటాడు.

జాయింట్ ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో, ఎలా ఉందన్నది అంతకంటే ముఖ్యం. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. పదేళ్ల కింద సికింద్రాబాద్ పోయి ఒక షాపులో 12 ఫ్రెట్ల పార్లర్ కొన్నాను. తేలిక, అందం, ధర కూడా తక్కువ. అక్కడే పది నిమిషాలు వాయించి మురిసిపోయి, రైలెక్కించి తెచ్చుకున్నాను. ఫిబ్రవరి అది. రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చేసరికి ఐదో ఫ్రెట్ దాటితే తీగలు నొక్కలేకపోయాను. నెక్ కింద హీల్ (బాడీకి అతికే మడమ) దగ్గర వెంట్రుకంత గీత కనపడింది. విజిటింగ్ కార్డు మూల పెట్టి చూస్తే లోపలికి జారింది. తెలిసినవాళ్లు ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే కడ్డీ) తిప్పితే సరిపోతుందన్నారు, తిప్పారు. సరిపోలేదు, ఎందుకంటే ట్రస్ రాడ్ నెక్ వంపును సరిచేస్తుంది, బాడీతో నెక్ కలిసే కోణాన్ని కాదు. శాడిల్ అరగదీసి ఇంకో ఏడాది లాగించాను. నెక్ ఊడదీసి మళ్లీ అతికించే పనికి చెప్పిన రేటు గిటార్ ధరను మించింది. అమ్మినవాళ్లు "ఎండకు పెట్టి ఉంటారు మేడం" అన్నారు. బీరువా మీద పెట్టాను, ఫ్యాన్ కింద. అదే ఎండైతే వరంగల్‌లో ఎండ కానిది ఏది?

అందుకే మీరు షాపుకు వెళ్లేటప్పుడు ఇంజనీరింగ్ చదివే ఫ్రెండ్ దగ్గర రెండడుగుల స్టీలు స్కేలు అడిగి తీసుకెళ్లండి. దాన్ని మధ్య రెండు తీగల నడుమ ఫ్రెట్ల మీద పడుకోబెట్టి బ్రిడ్జ్ వైపు జరపండి. స్కేలు కొస బ్రిడ్జ్ చెక్క పైఅంచును తాకుతూనో, చిటికెడు పైనుంచో పోవాలి. బ్రిడ్జ్ ముందు గోడకు గుద్దుకుంటే నెక్ అప్పుడే ముందుకు వాలిందని. అది ఎంత మంచిగా పలికినా వదిలేయండి. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎత్తు చూడండి, రెండున్నర మిల్లీమీటర్ల లోపు ఉంటే బాగు. శాడిల్ బ్రిడ్జ్ పైకి కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు కనపడాలి, రేపు తీగలు దించాలంటే అరగదీయడానికి కొంచెం ఎత్తు మిగిలి ఉండాలి కదా. హీల్ చుట్టూ ఫోన్ టార్చి వేసి గీతలు చూడండి. షాపువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

సౌండ్ హోల్‌లో చెయ్యి పెట్టి, లేదా చిన్న అద్దం పెట్టి, నెక్ బోల్టులతో బిగించారేమో కూడా చూడొచ్చు. బోల్టుదైతే తర్వాత విప్పి సరిచేయడం తేలిక. శబ్దం తగ్గుతుందంటారు కొందరు, నాకైతే తేడా తెలియలేదు.

కొన్నాక మార్చి నుంచి జూన్ దాకా బయట వేలాడదీయకుండా కేసులో పెట్టండి. సబ్బు డబ్బాకు రంధ్రాలు చేసి, తడిపి పిండిన స్పాంజి అందులో పెట్టి కేసులో ఉంచితే చాలు. ఆగి ఉన్న కారులో మాత్రం మధ్యాహ్నం పది నిమిషాలు కూడా వద్దు.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది కూడా 12 దగ్గర కలిసేదే. క్రిస్మస్ కేరల్స్‌కు రాత్రంతా స్ట్రాప్ వేసుకుని ఇళ్లిళ్లూ తిరిగినా చెయ్యి నొప్పి లేదు. అయినా మీకూ అదే కొనమని అనను, మీ కాపో ఏ ఫ్రెట్‌లో ఉంటుందో నాకు తెలియదు కదా. ఆ వారం పరీక్ష చేసి, ఏ భుజం అన్నది, చూసిన రెండు గిటార్ల స్కేల్ ఎంత అన్నది ఇక్కడే రాయండి. చూసి చెప్తాను.