డీఆక్సీకోలేట్ గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

కణాలను పగలగొట్టి ప్రోటీన్‌ను బయటికి తీయడానికి ప్రయోగశాలల్లో వాడే డిటర్జెంట్ సోడియం డీఆక్సీకోలేట్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. కానీ "0.5% కలపాలి", "10% స్టాక్ (తర్వాత పలచన చేసి వాడే గాఢ ద్రావణం) చేసుకోవాలి" అని అంకెలు వేసి వదిలేశావు. ఏ పీహెచ్‌లో, ఎంత ఉప్పు ఉండగా అన్నది ఎక్కడా లేదు. ఈ పదార్థం విషయంలో అది చిన్న లోపం కాదు. నీ వ్యాసాన్ని నమ్మి ఎవరో విద్యార్థిని బీకరులో పొడి పోస్తుంది. చివరికి ఆమెకు జావలాంటి ముద్ద మిగులుతుంది.

దీన్ని "పైత్యరసం నుంచి వచ్చే సబ్బు" అన్నావు. ఆ పోలిక సగమే నిజం. సబ్బు అణువుకు ఒక తల, పొడుగాటి తోక ఉంటాయి. దీనికి అలాంటి తోక లేదు. కొలెస్టరాల్ కుటుంబానికి చెందిన నాలుగు వలయాల బల్లపరుపు చట్రం దీనిది. తామరాకును తలుచుకో: పైవైపు తడవదు, కిందివైపు నీటిని అంటుకుని ఉంటుంది. ఇక్కడా అంతే. రెండు హైడ్రాక్సిల్ గుంపులూ ఒకే ముఖాన ఉండి నీటివైపు తిరుగుతాయి, రెండో ముఖం కొవ్వును పట్టుకుంటుంది. అందుకే దీని మిసెల్ (డిటర్జెంట్ అణువులు నీటిలో కట్టే గుంపు) చాలా చిన్నది. ఎస్‌డీఎస్ అనే తోక ఉన్న డిటర్జెంట్ మిసెల్‌లో సుమారు 60 అణువులుంటే, దీనిలో మామూలుగా పది, పన్నెండుకు మించవు. ప్రోటీన్‌ను బయటికి తీశాక డయాలిసిస్‌తో (సన్న రంధ్రాల పొరగుండా చిన్నవాటిని జారవిడిచి) దీన్ని వదిలించుకోగలగడానికి కారణం ఇదే. ట్రైటాన్ ఎక్స్-100 అనే మరో డిటర్జెంట్ అంత సులువుగా వదలదు, పైగా 280 నానోమీటర్ల కాంతితో తీసే ప్రోటీన్ రీడింగును పాడుచేస్తుంది. డీఆక్సీకోలేట్‌తో ఆ బెడద లేదు.

సీఎంసీకి (మిసెల్లు కట్టడం మొదలయ్యే గాఢతకు) ఒక్క అంకె వెయ్యకు. 2 నుంచి 6 మిల్లీమోలార్ అని రాయి, ఉప్పు పెరిగితే అది తగ్గుతుందని చేర్చు. అణుభారం 414.6 కాబట్టి ఆ గాఢత శాతంలో 0.08 నుంచి 0.25 దాకా వస్తుంది. 0.5% అంటే 12 మిల్లీమోలార్. అంత ఎందుకు వాడతారో పాఠకులకు అప్పుడు దానంతటదే అర్థమవుతుంది.

ఇక నీ వ్యాసంలో లేనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: డీఆక్సీకోలిక్ ఆమ్లం పీకేఏ, అంటే అది సగం ఆమ్లంగా, సగం లవణంగా ఉండే పీహెచ్. అది దాదాపు 6.6. పీహెచ్ 8 దగ్గర దాదాపు అంతా లవణ రూపంలో కరిగి ఉంటుంది. 7 వైపు దిగేకొద్దీ ద్రావణం చిక్కబడి జెల్ అవుతుంది, ఇంకా దిగితే తెల్లగా విరిగి అడుక్కి చేరుతుంది. ఉప్పు ఎక్కువైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కాల్షియం, మెగ్నీషియం తగిలినా అవక్షేపమే. కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో, డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్ ఎంజైమ్ కోసం మెగ్నీషియం వేసి, దానిలోనే డీఆక్సీకోలేట్ కూడా వెయ్యమని ఎప్పుడూ రాయకు.

10% స్టాక్ ఎలా చెయ్యాలో ఇలా చెప్పు: 80 మిల్లీలీటర్ల శుద్ధమైన నీరు స్టిర్రర్ మీద తిరుగుతుండగా 10 గ్రాముల పొడిని కొంచెం కొంచెంగా చల్లాలి. ఒక్కసారి కుమ్మరిస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి. పూర్తిగా కరిగాక 100కి నింపాలి. గట్టిగా కుదిపితే నురగే మిగులుతుంది. పొడి తేలిక, ముక్కూ గొంతూ మండిస్తుంది. మాస్కు పెట్టుకుని తూచమని తప్పకుండా రాయి.

రిపా బఫర్ (కణాల నుంచి ప్రోటీన్ తీసే ద్రావణం) 100 మిల్లీలీటర్లకు, మిల్లీలీటర్లలో: నీరు 76, 1 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8) 5, 5 మోలార్ సోడియం క్లోరైడ్ 3, 10% ఎన్‌పీ-40 డిటర్జెంట్ పది, 10% డీఆక్సీకోలేట్ 5, 10% ఎస్‌డీఎస్ 1. ఈ వరుసనే ఉంచు. ఉప్పు స్టాకూ డీఆక్సీకోలేట్ స్టాకూ నీరు లేకుండా నేరుగా కలిస్తే అక్కడికక్కడే జెల్ కడుతుంది. పీహెచ్ సరిచూసే పని డీఆక్సీకోలేట్ వెయ్యకముందే ముగియాలి. తర్వాత సరిచేద్దామని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే, చుక్క పడినచోటల్లా పాలు విరిగినట్టు తెల్లటి తుంపులు తేలతాయి.

ఈ విరిగే గుణమే మరోచోట మేలు చేస్తుంది, దాన్నీ రాయి. అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీకి ప్రోటీన్లను 1% డీఆక్సీకోలేట్‌లో కరిగిస్తే, వాటిని కోసే ట్రిప్సిన్ ఎంజైమ్ చక్కగా పనిచేస్తుంది. కోత అయ్యాక ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం 0.5 నుంచి 1% చేరిస్తే డిటర్జెంట్ విరిగిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పెప్టైడ్లు (ప్రోటీన్ ముక్కలు) ఉన్న తేటను తీసుకోవచ్చు.

కలరా స్ట్రింగ్ పరీక్షను ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది, ఆగి చూపించు. స్లయిడ్ మీద 0.5% ద్రావణం ఒక చుక్క. సెలెక్టివ్ కాని మీడియం మీద పెరిగిన తాజా కాలనీ దానిలో కలుపు. అది కలరా తెచ్చే బ్యాక్టీరియా వైబ్రియో కలరే అయితే ఒక నిమిషంలోపే మసక తేటపడి, చుక్క జిగురుగా మారుతుంది. లూప్‌ను (కలిపిన పుల్ల కొసనున్న చిన్న తీగ వలయాన్ని) మెల్లగా పైకెత్తితే, బెల్లం పాకం తీగ వచ్చిందో లేదో చూసినట్టే, రెండు మూడు సెంటీమీటర్ల తీగ సాగుతుంది. కణాలు పగిలి బయటపడిన డీఎన్‌ఏ అది. ఏరోమోనాస్ అనే మరో బ్యాక్టీరియాలో కొన్నీ బలహీనంగా సాగుతాయి కాబట్టి దీన్నే తుది నిర్ధారణ అని రాయకు.

న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా న్యుమోకాకస్‌ను పైత్యంలో కరిగించే పరీక్షను 1900లో జర్మన్ శాస్త్రవేత్త నోయ్‌ఫెల్డ్ వర్ణించాడు. అక్కడ డీఆక్సీకోలేట్ ఒంటరిగా పనిచెయ్యదు, బ్యాక్టీరియా సొంత ఆటోలైసిన్‌ను, అంటే దాని గోడను దానిచేతే కరిగించే ఎంజైమ్‌ను రేపుతుంది. కాలనీ పాతబడితే ఆ ఎంజైమ్ తగ్గి, కరగాల్సింది కరగదు. 18 నుంచి 24 గంటల కల్చరే వాడమను. 10% చుక్క వేసిన ప్లేటును కదపకుండా 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచాలి. ప్లేటు వంగితే కాలనీ కరగకుండానే కొట్టుకుపోతుంది, చూసేవాళ్లు కరిగిందనుకుంటారు.

2021లో బ్లాక్ ఫంగస్ రోజుల్లో పత్రికల నిండా కనిపించిన ఆంఫోటెరిసిన్-బి అనే ఫంగస్ మందు ప్రస్తావన బాగుంది. దాని పాత రూపంలో 50 మిల్లీగ్రాముల మందును కరిగించి ఉంచేది 41 మిల్లీగ్రాముల డీఆక్సీకోలేటే. దాన్ని సెలైన్‌లో కాక 5% డెక్స్‌ట్రోజ్‌లో ఎందుకు కలుపుతారో నువ్వు చెప్పలేదు. ఉప్పు తగిలితే మందు విరుగుతుంది. ఆ వాక్యం చేర్చు.

తిరగరాసిన ప్రతిలో ప్రతి శాతం పక్కనా పీహెచ్, ఉప్పు గాఢత వేసి పంపు. చూసి రాస్తాను.

ఆశీస్సులతో.