డబ్బు పెట్టేముందు తిరిగి తీసుకునే దారి చూడు

చిరంజీవి శ్రావణికి,

పెద్దనాన్న ఆశీస్సులు. ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పకుండా రాసి పంపుతానన్నాను. అంకెలున్న మాటలు ఫోనులో నిలవవు. కాగితం మీద ఉంటే తీరిగ్గా చదువుకుంటావు, ఎక్కడైనా తేడా కనిపిస్తే నన్ను నిలదీస్తావు.

నాలుగు లక్షలు పోగయ్యాయి, నెలకు పాతిక వేలు మిగులుతున్నాయి, ఎందులో పెట్టమంటావు అన్నావు. నీ చుట్టూ ఉన్నవాళ్లందరూ ఎంత వస్తుందో చెబుతున్నారు. షాద్‌నగర్ ప్లాటు మూడేళ్లలో రెట్టింపు అని ఒకరు, ఫలానా ఫండ్ పాతిక శాతం ఇచ్చిందని ఇంకొకరు. నేను బ్యాంకులో అప్పులు మంజూరు చేసే కుర్చీలో కూర్చున్న మనిషిని. అక్కడ వడ్డీ ఎంతనేది ఆఖరి ప్రశ్న. ఇచ్చిన సొమ్ము ఏ దారిన తిరిగొస్తుందనేది మొదటిది. మదుపు చేయడమంటే నీ డబ్బు ఎవరి చేతిలోనో పెట్టడమే కాబట్టి నువ్వూ అక్కడే మొదలుపెట్టు. నాకు కావలసిన రోజున ఇది నగదుగా ఎలా మారుతుంది? ఎన్నాళ్లు పడుతుంది? మధ్యలో ఎంత తరుగు పోతుంది? ఎవరి సంతకం కావాలి? వీటికి సూటిగా జవాబు చెప్పలేనివాడి దగ్గర రాబడి గురించి మాట్లాడడం దండగ.

ముందు ఇంటి సంగతి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు, నీ విషయంలో రెండున్నర లక్షలనుకుందాం, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యి. ఒకే డిపాజిట్‌గా వద్దు, యాభై వేల చొప్పున ఐదుగా వెయ్యి. అవసరం వచ్చినప్పుడు ఒకదాన్ని విరగ్గొడితే చాలు, మిగతావాటి వడ్డీ చెడదు. ఒక్కో బ్యాంకులో ఒక్కో ఖాతాదారుకు అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే డిపాజిట్ బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. అర శాతం ఎక్కువ ఇస్తున్నారని ఊరూపేరూ తెలియని సహకార బ్యాంకులో అంతకు మించి వేసేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని లెక్కగడతాం కదా. ఆ లెక్క మరిచిపోకు, చాలా మోసాలు అక్కడే పట్టుబడతాయి. బ్యాంకు ఇచ్చే ఏడు శాతమంటే నెలకు నూటికి 58 పైసలు. రెండు రూపాయల వడ్డీ ఇస్తామన్నవాడు ఏడాదికి 24 శాతం ఇస్తానంటున్నాడు. అంత ఇవ్వాలంటే వాడు ఇంకెంత సంపాదించాలి? అంత సంపాదించగలిగినవాడికి బ్యాంకు తక్కువ వడ్డీకే అప్పు ఇస్తుందే, నీ దగ్గరికి ఎందుకొచ్చాడు? విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీలో సుమారు 32 లక్షల మంది డబ్బు చిక్కుకుంది. కూలిపనుల వాళ్లు, చిరుద్యోగులే అందులో ఎక్కువ. తెలిసిన ఏజెంటు ఇంటికొచ్చి అడిగాడు, కట్టారు. ప్రామిసరీ నోటు మీద చేబదులు ఇవ్వాల్సివస్తే మాత్రం ఒకటి గుర్తుంచుకో. నోటుకు మూడేళ్లే ప్రాణం. ఆలోగా తిరగ రాయించుకోకపోయినా, కొంత జమ చేయించి నోటు వెనక సంతకం పెట్టించుకోకపోయినా కోర్టులో చెల్లదు.

ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో ఖాతా తెరువు. 15 ఏళ్ల గడువు, ఏడాదికి లక్షన్నర దాకా కట్టవచ్చు, 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం దగ్గరే నిలిచింది. ఇందులో తిరిగి తీసుకునే దారి ఇరుకు, ఏడో ఏడాది నుంచి కొంత తీసుకోవచ్చు, అంతే. కానీ ఆ ఇరుకు ముందే చెప్పి పెట్టింది, దాచిపెట్టింది కాదు. నెలలో 5వ తేదీలోపు కట్టు. దాటితే ఆ నెల వడ్డీ ఆ సొమ్ముకు రాదు.

మీ నాన్న స్నేహితుడి మాట కాదనలేక నువ్వు తీసుకున్న మనీబ్యాక్ పాలసీ గురించి గట్టిగానే చెబుతాను. బీమాను, పొదుపును కలిపిన పాలసీల రాబడిని లెక్క కడితే సాధారణంగా ఐదారు శాతం దగ్గర తేలుతుంది. బీమా కూడా చాలినంత ఉండదు. మొదటి రెండు మూడేళ్లలో మానేస్తే కట్టినదాంట్లో పెద్ద ముక్క పోతుంది. నీ సంపాదన మీద ఆధారపడినవాళ్లు ఉంటే మనిషి పోతేనే డబ్బిచ్చే టర్మ్ పాలసీ ఒక్కటి తీసుకో, పొదుపు వేరేగా చేసుకో.

ఇక ఫండ్లు. ఒక ఊరివాళ్లంతా కలిసి చెరువు వేలం పాడుకుని, చేపలు అమ్మినవాడికి కూలి ఇచ్చి, మిగిలింది వాటాల ప్రకారం పంచుకున్నట్టే మ్యూచువల్ ఫండ్ కూడా. ఆ కూలి ఎంతో చూడడమే నీ పని. షేర్ మార్కెట్‌లోని పెద్ద కంపెనీల జాబితా నిఫ్టీ 50 సూచీ. అందులోని యాభై కంపెనీల షేర్లను ఉన్నదున్నట్టు కొనే ఇండెక్స్ ఫండ్‌లో, అదీ ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లానులో, ఖర్చు ఏడాదికి పావు శాతం లోపే దొరుకుతుంది. ఏజెంటు ద్వారా కొనే రెగ్యులర్ ప్లానుల్లో ఒకటిన్నర, రెండు శాతం దాకా పోతుంది. ఒక్క శాతమే కదా అనకు. నెలకు ఐదు వేల చొప్పున ఇరవై ఏళ్లు కట్టావనుకో. ఏటా 12 శాతం పెరిగితే సుమారు 50 లక్షలవుతుంది, 11 శాతమైతే 43 లక్షల 70 వేలే. నువ్వు కట్టింది మొత్తం 12 లక్షలు. అందులో సగానికి పైగా ఆ ఒక్క శాతం తినేసింది. ఈ 12 శాతం కూడా లెక్క కోసం అనుకున్నదే, ఎవరూ హామీ ఇవ్వరు. ఇస్తామన్నవాడి గుమ్మం తొక్కకు.

దారి సంగతి చూస్తే, ఇలా షేర్లు కొనే ఈక్విటీ ఫండ్ అమ్మిన రెండు మూడు పనిదినాల్లో డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. చిక్కు ఆ రోజున ధర ఎంత ఉందన్న దగ్గరే. 2008 జనవరిలో 21 వేలు తాకిన షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల దగ్గరికి పడింది, మళ్లీ 21 వేలు కనిపించేసరికి 2010 నవంబరు వచ్చింది. 2020 జనవరిలో 42 వేలు తాకి, మార్చి 23న 26 వేల కిందికి దిగింది. అందుకే ఏడేళ్లలోపు అవసరం పడే సొమ్ము ఇందులో పెట్టవద్దంటాను. అక్క పెళ్లికి ఇవ్వాలనుకున్నది, పైచదువుకు దాచుకున్నది ఇందులోకి రాకూడదు. ఏడాది దాటాక అమ్మితే, ఆ ఏడాది లాభంలో 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం.

కంపెనీల అప్పు పత్రాలైన బాండ్లలో పెట్టే డెట్ ఫండ్లు బ్యాంకు డిపాజిట్ లాంటివేనని చెప్పేవాళ్లుంటారు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఆరు డెట్ ఫండ్లను ఒక్కసారిగా మూసేసింది. ఎక్కువ రాబడి కోసం, అవసరమైనప్పుడు కొనేవాడు దొరకని బాండ్లు కొనిపెట్టుకోవడం వల్ల వచ్చిన తిప్పలది. విషయం కోర్టుకు వెళ్లింది, మొదటి విడత డబ్బు చేతికందేసరికి 2021 ఫిబ్రవరి అయింది. కట్టినవాళ్ల డబ్బు చివరికి వచ్చింది. కరోనా మొదటి ఏడాదిలో ఆస్పత్రి బిల్లు కట్టాల్సినవాళ్లకు మాత్రం అందలేదు.

నీ సహోద్యోగి ఫోనులో ఆప్షన్లు, అంటే షేర్ల రాబోయే ధర మీద పందెం లాంటి ఒప్పందాలు, కొని అమ్ముతున్నాడన్నావు. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల లెక్కను షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తీసింది. వందలో 93 మంది నష్టపోయారు. ఇంతకంటే దాని మీద మాట అనవసరం.

చీటీల మీద మీ పెద్దమ్మకు నాకు ఎప్పుడూ వాదనే. రిజిస్టరైన చీటీ పొదుపుకు చెడ్డది కాదు, డబ్బు అవసరమున్నవాడికి ఇంకా మంచిది. కానీ పాట నీ పేరున కొట్టేసిన మర్నాడే డబ్బు వస్తుందనుకోకు. మిగతా వాయిదాలకు జామీను పెట్టాలి. జీతం స్లిప్పులున్న ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల సంతకాలు పట్టుకురమ్మంటారు. హైదరాబాద్‌లో నీకోసం జామీను సంతకం పెట్టేవాళ్లు ఎవరున్నారో ముందే లెక్కపెట్టుకో. బంగారం గురించి ఒక్క మాట: పెట్టుకోవడానికి కొంటే కొను, మదుపని పేరు పెట్టకు. కొన్నప్పుడు తరుగు, మజూరీ, పన్ను, అమ్మినప్పుడు మళ్లీ కోత.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే నీ మనసు అక్కడే ఉంది. నువ్వు పంపిన షాద్‌నగర్ ప్లాటు బ్రోషరును పెద్దది చేసి చూశాను. క్లబ్‌హౌస్ ఉంది, ఈతకొలను ఉంది, విమానాశ్రయం ఎన్ని నిమిషాలో ఉంది. సర్వే నంబరు లేదు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరు లేదు. ఐదు గుంటల ఫామ్‌ప్లాటు అట. గుంటకు 121 గజాలు, మొత్తం 605 గజాలు, వినడానికి ఘనంగానే ఉంది. అది లేఅవుట్ అనుమతి లేకుండా ముక్కలు చేసిన వ్యవసాయ భూమి. దాని మీద ఇల్లు కట్టడానికి అనుమతి రాదు, బ్యాంకు గృహరుణం ఇవ్వదు. నీకు అప్పు దొరకని స్థలం రేపు నీ దగ్గర కొనేవాడికీ అప్పు తెచ్చిపెట్టదు. మొత్తం నగదు చేతిలో ఉన్నవాడు ఎదురైతేనే అది అమ్ముడుపోతుంది.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంటైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్సు పుచ్చుకోకూడదు. 2016 చట్టం ఇది. నమోదయ్యాక కూడా, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదో వంతుకు మించి అడగకూడదు. ప్రీలాంచ్ పేరుతో మొత్తం ఇప్పుడే కడితే సగం ధరకే అనేవాళ్లు ఈ రెండింటినీ తప్పుతున్నారు.

పత్రాలు చూడడం ఇంకో విద్య. ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఈసీని ముప్పై ఏళ్లకు తీయించు, చేతులు మారిన పాత పత్రాలు, అంటే లింకు డాక్యుమెంట్లు ఒక్కటీ తెగకుండా ఉన్నాయో చూడు, నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందో లేదో చూడు. ఈసీ శుభ్రంగా ఉంటే చాలనుకుంటారు చాలామంది. రిజిస్టరైనవే అందులో కనిపిస్తాయి. అన్నదమ్ముల నోటిమాట పంపకం కనిపించదు, రిజిస్టరు చేయని వీలునామా కనిపించదు. అందుకే పిత్రార్జితమైతే అమ్మేవాడి అక్కచెల్లెళ్ల సంతకాలు అడుగు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1986 సవరణతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో. అసలు పత్రాలు కళ్లతో చూడు. జిరాక్సు మాత్రమే చూపిస్తున్నాడంటే అసలువి ఏ బ్యాంకు లాకరులోనో తనఖాగా ఉండవచ్చు. అధికారం ఇంకొకరికి రాసిచ్చే జీపీఏ మీద అమ్ముతామంటే వద్దను. దానితో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అప్పు అవసరం లేకపోయినా గృహరుణానికి దరఖాస్తు పెట్టు. బ్యాంకు న్యాయవాది కాగితాలు తిరగేస్తాడు, ఆ ఖర్చుకు అంతకంటే మంచి బీమా లేదు.

అన్నీ సక్రమంగా ఉన్న ప్లాటే అయినా లెక్క వెయ్యి. పది లక్షలకు కొంటే రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం కలిపి 10.75 లక్షలు. పదేళ్లకు 20 లక్షలకు అమ్మితే అందరూ రెట్టింపయిందంటారు. చక్రవడ్డీ లెక్కన అది ఏడాదికి 6.4 శాతమే, బ్రోకరు కమీషను, పన్ను ఇంకా తీయలేదు. ఫ్లాటు కొని అద్దెకిస్తానంటావా? ఎనభై లక్షల ఫ్లాటుకు నెలకు 22 వేలు అద్దె వస్తే ఏడాదికి 3.3 శాతం. అరవై లక్షలు ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్ల అప్పు తెస్తే నెలకు కట్టేది 52 వేలు. ఉండడానికి ఇల్లు కొనుక్కో, అది వేరే లెక్క, నేనే దగ్గరుండి కొనిపిస్తాను. మదుపుగా మాత్రం ఇప్పుడు వద్దు.

స్థలం మీద అంత మోజుంటే రీట్ యూనిట్లు చూడు, అద్దెకిచ్చే భవనాల్లో చాలామందికి చిన్న చిన్న వాటాలు అమ్మే పద్ధతి అది. మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాలు అలాంటి ఒక రీట్ ఆస్తిలో భాగమే, ఆ రీట్ 2020 నుంచి షేర్ మార్కెట్‌లో ఉంది. కొన్ని వందల రూపాయలకు ఒక యూనిట్ దొరుకుతుంది, పంచగలిగే నగదులో కనీసం 90 శాతం పంచాలి, అమ్మిన మర్నాడు డబ్బు వస్తుంది. ధర పడవచ్చు కూడా. ఇరవై వేలతో మొదలుపెట్టి ఏడాది గమనించు.

కాబట్టి నువ్వైతే రెండున్నర లక్షలు డిపాజిట్లలో వెయ్యి. మిగిలిన లక్షన్నరను నెలకు పాతిక వేల చొప్పున ఆరు నెలల్లో ఇండెక్స్ ఫండ్‌లోకి మళ్లించు. రీట్ సరదా తీర్చుకోవాలంటే ఆ ఇరవై వేలు ఇందులోంచే తియ్యి. నెల మిగులులో 15 వేలు సిప్‌గా, అంటే నెలనెలా ఆ ఇండెక్స్ ఫండ్‌లోకి, 5 వేలు పీపీఎఫ్, తక్కిన 5 వేలు నీ ఇష్టం, ఊళ్లు తిరుగు. పాత కంపెనీ పీఎఫ్‌ను తీసి ఖర్చుపెట్టకుండా కొత్త ఖాతాకు బదిలీ చేయించు. ప్రతి ఖాతాలో నామినీగా అమ్మ పేరు రాయించు, ఏ ఖాతా ఎక్కడుందో ఒక పుస్తకంలో రాసి ఇంట్లో పెట్టు.

దసరాకు వచ్చేటప్పుడు ఆ పాలసీ బాండు మరిచిపోకుండా పట్టుకురా. సరెండరు విలువ ఎంతో, ఇంకా కట్టడం మేలో మానేయడం మేలో కూర్చుని లెక్క చూద్దాం.

ఇట్లు,
మీ పెద్దనాన్న
తెనాలి