గాల్‌బ్లాడర్ రాళ్ల నొప్పితో ఎమర్జెన్సీకి వెళ్తే ముందు ఈసీజీ ఎందుకు తీశారు? ఇంటికి ఎందుకు పంపేశారు?

అమ్మగారికి రాత్రి పైకడుపులో నొప్పి వస్తే ముందు ఈసీజీ తీశారని, తర్వాత స్కానింగ్‌లో గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) రాళ్లు కనిపించినా, నొప్పి తగ్గగానే ఇంటికి పంపేశారని రాశారు. ఇది నిర్లక్ష్యమా అన్నది మీ ప్రశ్న. చాలా ఏళ్లుగా ఎమర్జెన్సీలో డాక్టరుగా పనిచేస్తున్నాను. మీరు రాసినదాన్ని బట్టి వాళ్లు సరిగ్గానే చేశారనిపిస్తోంది.

గుండెపోటు నొప్పి ఒక్కోసారి ఛాతీలో కాకుండా పైకడుపులో వస్తుంది. పెద్ద వయసువాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా తికమక పెడుతుంది. గ్యాస్ నొప్పి అనుకుని వచ్చినవాళ్లకు ఈసీజీలో గుండెపోటు బయటపడటం నేను చూశాను. అందుకే ఆ పరీక్ష ముందు.

ఆ తర్వాత నేను పట్టుబట్టి అడిగేది, నొప్పి ఎంతసేపటి నుంచి ఉంది అని. రాయి గాల్‌బ్లాడర్ మెడ దగ్గర అడ్డుపడితే నొప్పి పుడుతుంది, పక్కకు జరిగితే తగ్గిపోతుంది. కుడివైపు పక్కటెముకల కింద గానీ, పైకడుపు మధ్యలో గానీ మొదలై వీపు వైపు, కుడి భుజం వైపు పాకుతుంది. చాలామందికి వాంతులూ ఉంటాయి. 6 గంటలు దాటినా తగ్గకపోతే, జ్వరం కూడా తోడైతే, గాల్‌బ్లాడర్ వాచిందని అనుమానించాలి. అప్పుడు పక్కటెముకల కింద చెయ్యి నొక్కి ఊపిరి గట్టిగా పీల్చమంటాం. నొప్పికి ఊపిరి సగంలో ఆగిపోతే దాన్ని మర్ఫీ సైన్ అంటారు. ముసలివాళ్లలో ఇది కనిపించకపోయినా వాపు ఉండొచ్చు.

రాళ్ల కోసం మొదట చేసేది అల్ట్రాసౌండే. కొన్ని రాళ్లు సీటీలో కనిపించవు. అయితే పిత్తనాళంలోకి, అంటే పిత్తరసం పేగులోకి వెళ్లే గొట్టంలోకి, జారిన రాయి అల్ట్రాసౌండ్‌కు కూడా చాలాసార్లు దొరకదు. అందుకే రక్తంలో బిలిరుబిన్ (ఇది పెరిగితే కళ్లు పచ్చబడతాయి), లివర్ ఎంజైములు, లైపేజ్ (పాంక్రియాస్, అంటే క్లోమం, తయారుచేసే ఎంజైము) చూస్తాం. లైపేజ్ బాగా పెరిగితే పాంక్రియాస్ వాచిందని అర్థం, అప్పుడు అడ్మిట్ చేయాల్సిందే. మీ రిపోర్టుల్లో ఈ పరీక్షలు ఉన్నాయో లేవో చూడండి.

నొప్పి తగ్గిస్తే జబ్బు కప్పబడిపోతుందని చాలామందికి భయం. దయచేసి ఆ భయంతో మనిషిని బాధపడనివ్వకండి. కిడ్నీ సమస్య, అల్సర్ లేకపోతే డైక్లోఫెనాక్ లాంటి మందు బాగా పనిచేస్తుంది, చాలకపోతే ఇంకా గట్టివి ఉన్నాయి. వాపు, జ్వరం లేని వట్టి నొప్పికి యాంటీబయాటిక్స్ అక్కర్లేదు, నొప్పి తగ్గాక ఇంటికి పంపొచ్చు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వేరే పరిస్థితి. నొప్పి, చలిజ్వరం, పచ్చబడిన కళ్లు కలిసి వస్తే పిత్తనాళం మూసుకుని ఇన్ఫెక్షన్ చేరిందని అనుమానం. వెంటనే యాంటీబయాటిక్స్, సెలైన్ ఎక్కించాలి, ఈఆర్‌సీపీతో (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చేసే చికిత్స) నాళం తెరవాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇక ఆపరేషన్. ఏ బాధా లేకుండా బయటపడిన రాళ్లకు సాధారణంగా అక్కర్లేదు. ఒకసారి నొప్పి పెట్టిన రాళ్లు మళ్లీ పెట్టే అవకాశం ఎక్కువ. కాబట్టి నొప్పి లేనప్పుడే సర్జన్‌ను కలిసి, లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) గాల్‌బ్లాడర్ తీయించుకోవడం మేలని నా అభిప్రాయం. వాపు వచ్చినవాళ్లకు కూడా ఒంట్లో ఓపిక ఉంటే వారాల తరబడి ఆగకుండా, అదే అడ్మిషన్‌లో తొందరగా చేయడం మంచిది.

ఈలోగా నొప్పి తిరిగొచ్చి గంటల తరబడి ఉన్నా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకండి. ఏమీ తినిపించకుండా, పాత రిపోర్టులు తీసుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి.