గాలిని ఖాళీ అనుకోవద్దు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం నుంచి నీవు పంపిన వ్యాసం అందింది. మూడో పుటలో "లేజర్ పల్సు గాలిని బాణంలా చీల్చుకుపోతుంది" అని రాశావు. నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది ఆ వాక్యమే. బాణానికి గాలి అడ్డు మాత్రమే. ఫెమ్టోసెకన్ల పల్సుకు, అంటే అతి కొద్దికాలం మెరిసే కాంతి తునకకు, అది అడ్డూ, ఆసరా కూడాను. ఫెమ్టోసెకను అంటే సెకనులో లక్షకోట్లవ వంతులో మళ్ళీ వెయ్యోవంతు.

100 ఫెమ్టోసెకన్ల పల్సు పొడవు 30 మైక్రోమీటర్లు, అంటే తలవెంట్రుక మందం కన్నా తక్కువ. అందులో మిల్లీజౌలులో మూడోవంతు శక్తి ఉందనుకో. ఒక బియ్యపుగింజను నేల మీంచి నడుము ఎత్తుకు లేపడానికి సుమారుగా అంతే పడుతుంది. అయినా అంత తక్కువ కాలంలో వెలువడుతుంది గనుక దాని సామర్థ్యం 3 గిగావాట్లు దాటుతుంది. మన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రాల వంటివి పాతిక కలిసినంత. ఆ స్థాయిలో, కాంతి తీవ్రత ఎక్కువగా ఉండే కిరణం నడుమ గాలి వక్రీభవన గుణకం (కాంతిని వంచే గుణం) అంచులలో కన్నా కాస్త ఎక్కువ పెరిగి, గాలే కుంభాకార కటకమై కిరణాన్ని కుదిస్తుంది. కుదించుకుపోయిన చోట ఆక్సిజన్, నైట్రోజన్ అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మా పుడుతుంది, అది కిరణాన్ని మళ్ళీ విప్పజూస్తుంది. ఈ లాగులాటలో 100 మైక్రోమీటర్ల మందం గల సన్నని కాంతితంతువు మీటర్ల కొద్దీ నిలుస్తుంది. ఎదురుగా తెల్లకాగితం పెడితే నడుమ తెల్లని చుక్క, చుట్టూ రంగుల వలయాలు కనబడతాయి. గాలిలో ఈ తంతువులను 1995లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు.

ఆ మరుసటి ఏడే నేను దీని మీద రాస్తే, ఒక పత్రికా సంపాదకుడు "అంకెలు చూస్తే పాఠకుడు పుట తిప్పేస్తాడు" అని అన్నీ కొట్టేసి, శీర్షికకు "మాయాకిరణం" అని తగిలించాడు. మా బావమరిది చదివి, "బావా, ఇది మంత్రమా?" అని అడిగాడు. ఆనాటి మంట ఇంకా ఆరలేదు. నీ వ్యాసంలోనూ అంకెల చోట విశేషణాలే ఉన్నాయి.

గాలిలో పోతూ పల్సు నిడివి సాగడం గురించి ఒక్క ముక్కా లేదు. బలహీనమైన 10 ఫెమ్టోసెకన్ల పల్సు కూడా, అందులోని ఎరుపు ముందుకూ నీలం వెనక్కూ జరగడం వల్ల, రెండు మీటర్లలోపే సుమారు 14 ఫెమ్టోసెకన్లకు సాగిపోతుంది. 100 ఫెమ్టోసెకన్లది 200 మీటర్లు పోయినా ఒకటిన్నర రెట్లే.

చివర పిడుగుల నుంచి మన తాటితోపులను లేజర్ కాపాడుతుందన్నావు. 2021లో స్విట్జర్లాండ్‌లోని సెంటిస్ కొండ మీద, 124 మీటర్ల టవరు పక్క నుంచి సెకనుకు వెయ్యి పల్సులు పైకి వదిలితే, ఒక మెరుపు 50 మీటర్ల మేర ఆ దారి పట్టింది. ఆ పల్సులు పికోసెకన్లవి, పికోసెకనంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు. ఆ మాట రాయి, తాటితోపు మాట కొట్టెయ్యి.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు మూడో పుట మార్చి, అదొక్కటే నాకు పంపు. పోస్టు ఖర్చూ తగ్గుతుంది.